కొత్త పెయింటుపై వినైల్ స్టిక్కరింగ్

కొత్తగా రంగు వేసిన వాహనంపై వినైల్ అక్షరాలు, చారలు, బొమ్మలు అంటించే పని ఇది. తెలుగు ఊళ్లలో దీన్ని రేడియం షాపుల వాళ్లు చేస్తారు. పేరు రేడియమే అయినా, వాడే సరుకు పీవీసీ ప్లాస్టిక్ పొర. వెనక ఒత్తితే పట్టుకునే జిగురు ఉంటుంది. పని బాగా కుదరడం, చెడడం స్టిక్కరు కంటే ఎక్కువగా దాని కింది పెయింటు మీదే ఆధారపడుతుంది.

వేలికి అంటనంత మాత్రాన పెయింటు పూర్తిగా ఆరినట్టు కాదు. పై పొర ముందు బిగుసుకుంటుంది, అడుగున థిన్నర్ ఇంకా మిగిలి ఉంటుంది. అది ఆవిరై మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. వినైల్ ఆ ఆవిరిని దాదాపు బయటికి పోనివ్వదు కాబట్టి, అది జిగురుకూ పెయింటుకూ మధ్య చేరి పొక్కులుగా లేస్తుంది. సూదితో పొడిస్తే ఒక పొక్కు అణుగుతుంది. కింద పెయింటు పచ్చిగా ఉన్నంతకాలం పక్కన ఇంకొకటి లేస్తూనే ఉంటుంది. జిగురులో గాలి పోయే సన్నని గాడులున్న ఫిల్ములు అంటించేటప్పుడు చిక్కిన గాలిని వదిలిస్తాయి. పచ్చి పెయింటుకు మాత్రం అవి మందు కావు.

ఎంతకాలం ఆగాలన్నది పెయింటు రకాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీలో కారు పెయింటును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి కొత్త బండికి ఈ చిక్కు రాదు. షెడ్డులో వేసే రెండు భాగాల పాలీయురేథేన్ పెయింటు హార్డ్‌నర్‌తో రసాయనికంగా గట్టిపడుతుంది. పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ఆ పని త్వరపడుతుంది. గాలికే ఆరబెట్టినప్పుడు వారం నుంచి నెల దాకా ఆగమంటారు. డెంటు పడినచోట పుట్టీ పెట్టి పొర మీద పొర కొట్టిన భాగం అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది.

అందుకే పరీక్ష కూడా అక్కడే చేయాలి. అరచేయంత వినైల్ ముక్క అంటించి, బండిని ఒక రోజు ఎండలో ఉంచాలి. మర్నాడు ఏటవాలు వెలుతురులో చూస్తే, పచ్చి పెయింటు మీద ఆవగింజలంత పొక్కులు కనిపిస్తాయి. ముక్క నున్నగా ఉండి, లాగినప్పుడు రంగు ఊడి రాకపోతే పని మొదలుపెట్టవచ్చు.

వేసవి సెలవుల్లో స్కూలు బస్సులకు పసుపు రంగు కొట్టించి, జూన్‌లో బడి తెరిచేలోపు పేరు అంటించమనే తొందర ఉంటుంది. రంగు వేసిన మర్నాడే స్టిక్కరు అడగడం సరికాదు. సెలవుల మొదట్లోనే బస్సును షెడ్డుకు పంపితే ఆరడానికి కావలసినన్ని రోజులు దొరుకుతాయి.

అంటించే ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడవాలి. థిన్నర్‌తో తుడిస్తే కొత్త రంగు మెత్తబడుతుంది. సిలికాన్ పాలిష్ ఉంటే జిగురు పట్టదు. వంపులకు పలుచని కాస్ట్ ఫిల్మ్ మేలు. చవకైన క్యాలెండర్డ్ ఫిల్మ్ కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి అంచుల్లో లేస్తుంది. స్క్వీజీతో మధ్య నుంచి అంచులకు ఒత్తాలి. నీళ్లు చల్లి అంటించే తడి పద్ధతిలో ఆ నీళ్లను పూర్తిగా బయటికి తోసేయాలి.

తొందరపాటు నష్టం కొన్నిసార్లు పొక్కులతో ఆగదు. పెయింటు కింది పొరను సరిగ్గా పట్టకముందే అంటించిన స్టిక్కరును తీస్తే జిగురుతోపాటు రంగూ ఊడి వస్తుంది. అక్షరం ఉన్నచోట అదే ఆకారంలో ప్రైమర్ బయటపడుతుంది, ఆ ప్యానెల్‌కు మళ్లీ రంగు వేయాల్సి వస్తుంది.