కాచిన చేతులు

ఇంగ్లీషులో ‘బ్రూస్టర్’ ఇప్పుడు ఇంటిపేరుగా మిగిలింది. మొదట్లో ఆ మాటకి బీరు కాచే ఆడమనిషి అని అర్థం. మధ్యయుగపు ఇంగ్లండులో అది ఇంటిపనుల్లో ఒకటి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి మాల్టు చేసేవారు. దాన్ని నీళ్ళలో నానేసి, ఆ నీటిని పులియబెడితే ‘ఏల్’. కొద్దిరోజుల్లోనే పాడయిపోయేది కాబట్టి ఇంట్లో తాగగా మిగిలింది పొరుగువాళ్ళకి అమ్మేవారు, గుడ్లు అమ్మినట్టే.

ఆ ఆడవాళ్ళు ఏమైపోయారో జుడిత్ బెన్నెట్ 1996లో వెలువరించిన ‘ఏల్, బీర్ అండ్ బ్రూస్టర్స్ ఇన్ ఇంగ్లండ్’ చెప్తుంది. 1348-49 ప్లేగు తర్వాత బతికినవాళ్ళ కూలీ పెరిగింది, తాగుడూ పెరిగింది. 1400 ప్రాంతాల్లో సముద్రం దాటి హాప్స్ వేసిన బీరు వచ్చింది. హాప్స్ వేస్తే నెలల తరబడి నిలవుంటుంది, దూరాలకి పంపొచ్చు. దానికి పెద్ద గంగాళాలు కావాలి, పీపాలు కావాలి, అప్పు కావాలి. పెళ్ళయ్యాక తన ఆస్తే భర్తదయిపోయే స్త్రీకి అప్పెవరిస్తారు? 1600 నాటికి చాలా పట్టణాల్లో అది మగవాళ్ళ వ్యాపారం. ఎవరూ తరిమెయ్యలేదు. లాభం కనబడేసరికి పని చేతులు మారింది. 1880లో ఇంట్లో కాచుకోవడానికి లైసెన్సు పెట్టారు. 1963లో ఎత్తేశారు. తిరిగొచ్చేసరికి అది మగవాళ్ళ సెలవురోజు సరదా.

ఫెలోషిప్ మీద అక్కడున్న రెండేళ్ళలో నేనూ బీరు కాచడం నేర్చుకున్నాను. (అమ్మకి ఇది చదివాకే తెలుస్తుంది.) దోసెలపిండి పులిసే ఇంట్లో పుట్టినదానికి ఆ బుడగలు కొత్త కాదు. ఆర్నెల్లకి ఉత్సాహం చచ్చిపోయింది. ఊళ్ళో ఒక క్లబ్బు ఉండేది, నేను తప్ప అంతా మగవాళ్ళే. నా సీసా రుచి చూసి, ఎవరు నేర్పారని అడిగేవారు. డ్రమ్ము మెట్లకింద పడేశాను.

బెన్నెట్ ఆధారాల్లో ముఖ్యమైనవి ఊరి కోర్టుల జరిమానా పద్దులు. భార్య కాచినా చాలాచోట్ల రాసింది భర్త పేరు. ఆ అధ్యాయం చదివిన వారమే డ్రమ్ము బయటికి తీశాను. పక్కవాటాలోని ఇద్దరు స్త్రీలతో కలిసి హాప్స్ లేకుండా కాచాం. పుల్లబడకముందే తాగెయ్యాలని వీధిలో పంచేశాం. బ్రూస్టర్ల తొందరేమిటో అప్పుడర్థమయింది.

దూబగుంట గురించి చదువుకుని పెరిగినదానికి ఈ ముచ్చటేమిటని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. 1992లో నెల్లూరు స్త్రీలు తిరగబడింది తాగొచ్చి కొట్టే మొగుళ్ళ మీద, సారా కాంట్రాక్టర్ల మీద, ఆ రాబడితో నడిచే ప్రభుత్వం మీద. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అంతకుముందు దాకా ఊళ్ళో సారా దుకాణం వేలం వేసిన ఎక్సైజు శాఖే, ఏజెన్సీలో ఇప్పసారా కాచుకునే ఆదివాసీ స్త్రీ కుండ పగలగొట్టేది.