పంక్తి చివర మీట: కంప్యూటరు ఎడిటర్ల కథ

మన వాల్మీకిపురాన్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ వాయల్పాడు అనే అంటారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన నాటికి కచేరీలలో పనిచేసిన వారందరికీ టైపు మిషను చప్పుడు గుర్తుండే ఉంటుంది. పంక్తి పూర్తి కాగానే ఎడమవైపు మీటను నెడితే రెండు పనులు జరిగేవి. కాగితం ఒక పంక్తి మేర పైకి జరిగేది, క్యారేజి మొదటికి వచ్చేది. ఈ రెండు పనుల తగవు కంప్యూటర్లలో నేటికీ పూర్తిగా తీరలేదంటే సభ్యులు నమ్మకపోవచ్చు.

టెలిప్రింటర్ల కాలం నుంచి ఈ రెంటికీ వేరువేరు గుర్తులున్నాయి. పంక్తి ముగిసిందని చెప్పడానికి డాస్, విండోస్ రెండు గుర్తులూ వేస్తాయి. యూనిక్స్, దాని బాటలో నడిచిన లినక్స్ కాగితం జరిపే గుర్తు ఒక్కటే వేస్తాయి. పాత మెకింటాష్ క్యారేజి గుర్తు మాత్రమే వేసేది. అందువల్ల లినక్స్‌లో రాసిన ఫైలును విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పంక్తులన్నీ అతుక్కుపోయి ఒకే పొడుగాటి వరుసగా కనిపించేవి. నోట్‌ప్యాడ్‌లో ఈ లోపం 2018లో గాని సవరించబడలేదు. ఇంత చిన్న పనికి అన్నేళ్ళా అని మనబోటి వాళ్ళకు అనిపించక మానదు.

మన పిల్లలు బెంగుళూరులో చేసే కంప్యూటరు ఉద్యోగాలలో రోజంతా వాడే పనిముట్టు కోడ్ ఎడిటర్. యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలను అందులోనే రాస్తారు, దిద్దుతారు. వీటిలో ఈమాక్స్ 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది. దాన్ని రిచర్డ్ స్టాల్‌మన్ కొత్తగా రాసి, 1985లో, అంటే మనకు మండలాలు వచ్చిన ఏడే, అందరికీ అందించాడు. విమ్ అనే మరొకదాన్ని బ్రామ్ మూలెనార్ అనే డచ్చి దేశస్థుడు 1991లో అమీగా అనే యంత్రం కోసం విడుదల చేశాడు. తరువాత అది యూనిక్స్‌కూ, విండోస్‌కూ, మెకింటాష్‌కూ పాకింది. ఇవి ఓపెన్ సోర్స్. అంటే లోపలి రాతంతా బహిరంగం. చదవడానికి, దిద్దడానికి, దిద్దినదాన్ని పదిమందికి పంచడానికి ఎవరికైనా హక్కుంది. విమ్ ఫైలు తెరవగానే అది ఏ పద్ధతి పంక్తులతో ఉందో పసిగట్టి, భద్రపరిచేటప్పుడు ఆ పద్ధతినే నిలుపుతుంది.

ఇక తెలుగు సంగతి. ఎడిటర్లు ఇంగ్లీషు కోసం పుట్టినవి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి అని వాటి లెక్క. మన ‘స్త్రీ’ చూడండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో దాస్తే పద్దెనిమిది బైట్లు. దీన్ని ఒక గడిలో ఇమిడ్చితే వత్తులు నలుగుతాయి, ఆరు గడులిస్తే అక్షరం చెల్లాచెదురవుతుంది. గుర్తులను కూర్చి అక్షరంగా చూపే పని హార్ఫ్‌బజ్ అనే మరో ఓపెన్ సోర్స్ పరికరం చేస్తుంది. 2020లో వచ్చిన ఈమాక్స్ 27 దాని సాయం తీసుకుంది.

ఈ కూర్పు పొరపడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. మన ‘జ్ఞా’లోని గుర్తుల మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన సందేశం వస్తే ఐఫోన్లలో ఆయా ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ కంపెనీ సవరణ పంపేదాకా, లోపలి రాత చూసి దిద్దే వీలు బయటివాళ్ళకు లేదు.

పింఛనుదార్లకు దీనితో పనేమిటని అడగవచ్చు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో దస్త్రాలు కాలిపోయిన సంగతి తెలిసిందే. కంప్యూటరు దస్త్రాలు కాలకుండానే పోతాయి. నాకు తెలిసిన ఒక సంఘం తన సభ్యుల జాబితాను ఒక డి.టి.పి. దుకాణంలో ప్రత్యేకమైన ఫాంటుతో కొట్టించుకుంది. దుకాణం మూతపడింది. తరువాత భర్త పి.పి.ఓ. నంబరు కోసం ఒకావిడ వస్తే ఫైలు తెరిచారు. అంకెలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఏ అంకె ఎవరిదో చెప్పే పేర్లు మాత్రం పిచ్చి గీతలయ్యాయి. యంత్రం దాచుకున్నవి ఇంగ్లీషు గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేసిందంతే. పాత అచ్చు ప్రతి దొరకబట్టి పేర్లన్నీ యూనికోడ్‌లో తిరిగి కొట్టారు. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ పద్ధతిలో కొట్టిన ఫైలు ఏ ఎడిటరులోనైనా తెరుచుకుంటుంది. జాబితాలు తయారుచేయించే కార్యదర్శులు ఈ ఒక్క మాట అడిగి పని అప్పగించాలని నా మనవి.

చార్జి అప్పగింత సంగతి కూడా చెప్పాలి. ఆటమ్ అనే ఎడిటరును దాని యజమానులు 2022 డిసెంబరు 15న మూసివేశారు. రాత బహిరంగం గనుక, వాడుకరులు దాన్నే తీసుకుని పల్సర్ అనే పేరుతో నడుపుకుంటున్నారు. విమ్ సృష్టికర్త మూలెనార్ 2023 ఆగస్టు 3న కన్నుమూశాడు. ముప్పై ఏళ్ళకు పైగా సవరణలన్నీ ఆయన చేతి మీదుగా సాగినవే. తన ప్రోగ్రాము నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని అడిగేవాడు. చార్జి లిస్టు రాసి ఇచ్చే వ్యవధి లేకుండా పోయాడు. తోటి పనివాళ్ళు పగ్గాలు అందుకుని 2024 జనవరి 2న విమ్ 9.1ను విడుదల చేసి, దాన్ని ఆయనకే అంకితమిచ్చారు.