దాదీ మెహర్‌లో ఒక అధూరా ఐన్



పోయిన రంజాన్ తర్వాత అమ్మీ ఇనుప సందూఖ్ తెరిచాం. అమ్మీ ఇంతెఖాల్ అయ్యాక ఏడాది దాకా దానికి చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ రాలేదు. జెద్దా నుంచి భాయిజాన్ సెలవు మీద వచ్చాడు కాబట్టి ఇద్దరం కూర్చున్నాం. షాదీ జోడా, మా సున్నతీల నాటి టోపీలు, అబ్బా పెన్షన్ కాగితాలు, వాటి అడుగున ఒక బిస్కెట్ డబ్బా. మూత తీయకముందే చప్పుడు విని ఇద్దరం నవ్వాం. అవి మా సిక్కాలు.

డబ్బాలో భాయిజాన్ చేతిరాతతో ఒక ఫెహ్రిస్త్ ఉంది. ఉర్దూ కాపీలోంచి చించిన కాగితం, ఇరవై మూడు నంబర్లు. ఏడో నంబరు ఎదుట ఇలా రాసి ఉంది: "రుపయా, చార్మినార్, అధూరా ఐన్, 1330 హిజ్రీ." దాని పక్కనే ఎర్ర సిరాతో ఒక్క మాట: "గుమ్."

ఆ "గుమ్" సంగతి చివర్లో చెబుతా.

మాది మహబూబ్‌నగర్. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద ఈ ఊరికి ఆ పేరు వచ్చింది. ఏటా జనవరిలో అబ్బా మమ్మల్ని మీటర్ గేజ్ రైలెక్కించి కాచిగూడ తీసుకొచ్చేవారు. మొఘల్‌పురాలో ఖాలా ఇంట్లో మూడు రోజుల మకాం. ఒక రోజు నుమాయిష్, ఒక రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, మూడో రోజు అమ్మీకి, ఖాలాకి లాడ్ బజార్. ఆ మూడో రోజు భాయిజాన్‌కు, నాకు ఆజాదీ.

సాలార్‌జంగ్‌లో అందరిలాగే మేమూ గంటల గడియారం ముందు నేల మీద కూర్చునేవాళ్లం. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోయేది. అబ్బా మేలిముసుగు రెబెక్కా బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడేవారు. రాతిలో దుపట్టా ఎలా చెక్కాడురా అని ప్రతి ఏడూ అదే మాట. మాకు మాత్రం అక్కడ ఆశ తీరేది కాదు. అన్నీ అద్దాల వెనక ఉండేవి, ఏదీ ముట్టనిచ్చేవారు కాదు. మాకు చేత్తో పట్టుకునే తారీఖ్ కావాలి. అది దాదీ పాన్‌దాన్ పక్కన, ఒక గుడ్డ సంచిలో దొరికింది.

దాదీ నికాహ్ 1350 ఫస్లీలో అయింది. ఫస్లీకి 590 కలిపితే ఈస్వీ వస్తుందని మాకు చెప్పింది ఆమే. 590 కలిపి ఏడాది తెలుసుకున్నాం, 1940. నికాహ్‌నామాలో మెహర్ 525 రూపాయలు, "సిక్కా ఉస్మానియా" అని ఖరారుగా రాసి ఉంది. మీ ఇళ్లల్లో దాదీల, నానీల నికాహ్‌నామాలుంటే తీసి చూడండి. రూపాయలు అని ఊరికే వదిలేయకుండా ఏ సిక్కానో రాసేవారు. ఎందుకంటే అప్పుడు మన దగ్గర రెండు రూపాయలు తిరిగేవి. ఒకటి హైదరాబాద్ హుకూమత్ సొంత రూపాయి, జనం నోట అది హాలీ. రెండోది ఇంగ్రేజ్ రూపాయి, అది కల్దారు. కల్ అంటే యంత్రం. యంత్రంతో కొట్టిన రూపాయి గనక కల్దారు. తర్వాత మన టంకసాలలోనూ యంత్రాలొచ్చాయి, 1903లో సైఫాబాద్‌కు మారింది కూడా, అయినా ఇంగ్రేజ్ రూపాయికే ఆ పేరు ఉండిపోయింది.

వంద కల్దారు రూపాయలకు హాలీలో నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. అంటే ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. మా గల్లీ కిరాణా సేటుకు ఈ లెక్క నోటికి వచ్చేది. ఎవరైనా బేరం ఎక్కువ చేస్తే, "హాలీ ఇస్తావా ఏంది?" అని ఎగతాళి చేసేవాడు. హాలీ పోయి ముప్ఫై ఏళ్లయినా ఆ మాట పోలేదు.

దాదా తహసీల్ కచేరీలో ముహర్రిర్. 525 రూపాయలు ఆయన ఏనాడూ ఒక్కసారిగా చూసి ఉండరు. మెహర్ భర్త మీద ఖర్జ్ అని మనందరికీ తెలుసు, కానీ మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో కూడా తెలుసు. జనాజా లేచేటప్పుడు నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరి "మాఫ్ కర్దేవ్ మా" అంటారు, ఆమె ఏడుస్తూ తలూపుతుంది. మా దాదీ ఆ తలూపుడు ఊపలేదు. దాదా బతికుండగానే కొంత కొంత రాబట్టింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. ఆ నెల గురించి దాదీ ఎప్పుడూ మాట్లాడలేదు, మేం అడగలేదు. ఆ తర్వాత హిందుస్తానీ రూపాయి వచ్చింది, హాలీని మెల్లమెల్లగా వెనక్కి తీసుకున్నారు, 1959తో అది పూర్తిగా చెల్లకుండా పోయింది. అందరూ ఇంట్లో ఉన్న హాలీ తీసుకెళ్లి మార్చుకుంటున్న ఆ రోజుల్లో దాదా పదకొండు చాందీ రూపాయలు మార్చకుండా ఇంటికి తెచ్చి దాదీ ముందు పెట్టారట. "తుమారా సిక్కా యహీచ్ థా. బాకీ అల్లా దేగా" అన్నారట.

ఆ పదకొండూ దాదీ మా డబ్బాలో వేసింది. "అమానత్ హై" అంది. ఆడుకోండి, చదువుకోండి, కానీ ఇవి నావి.

ఇక చూడండి మా పిచ్చి. ఆ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. చుట్టూ నిజాముల్‌ముల్క్ ఆసఫ్ జాహ్ బహాదుర్ అనే లఖబ్, పైన 92. ఈ 92 ఏంటని అబ్బాను అడిగితే వేళ్ల మీద అబ్జద్ లెక్క వేయించారు. మీమ్ నలభై, హే ఎనిమిది, మళ్లీ మీమ్ నలభై, దాల్ నాలుగు. కూడితే ముహమ్మద్, సల్లల్లాహు అలైహి వసల్లం. సంతకు పోయే ప్రతి రైతు జేబులో, ప్రతి సేటు గల్లాలో ఆ అంకె తిరిగిందన్నమాట. ఎంతమంది గమనించారో అల్లాకే ఎరుక. వెనకవైపు హైదరాబాద్‌ను "ఫర్ఖుందా బునియాద్" అన్నారు, పునాది శుభమైన ఊరు అని.

చార్మినార్ నడిమి కమాన్ కింద ఒక్క హర్ఫ్ ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ రోజుల సిక్కా అయితే మీమ్, ఉస్మాన్ అలీఖాన్ సిక్కా అయితే ఐన్. మీమ్ సిక్కా నాదని నేను, మన ఊరి పేరులో మీమ్ ఉంది కాబట్టి అది ఇద్దరిదీ అని భాయిజాన్, రోజూ తగువే. 1911లో మహబూబ్ అలీఖాన్ పోయి ఉస్మాన్ అలీఖాన్ గద్దె ఎక్కిన కొత్తలో కొట్టిన సిక్కాల మీద ఐన్ సగమే ఉంటుంది. మాట మొదట్లో రాసే ఐన్ అది, చిలక ముక్కులా నోరు తెరిచి ఆగిపోతుంది. తర్వాత వాటిల్లో కింద కడుపుతో సహా పూర్తి ఐన్ కనిపిస్తుంది. దీన్ని కనిపెట్టింది మేమే అనుకున్నాం! నాణేలు పోగేసేవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసని తర్వాత తెలిసింది. అయినా ఆ రోజు గర్వం తక్కువేం కాదు. ఉర్దూ మీడియంలో చదివి ఏం బాగుపడతారు అని చుట్టాలు అనే రోజులవి. ఆ ఉర్దూయే ఆ సిక్కాను మాతో మాట్లాడించింది.

నోటు సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో చాందీ కరువై 1918లో హైదరాబాద్ సొంత కాగితం నోట్లు తెచ్చింది. కిరాణా సేటు దగ్గర ఒక నోటు ఉండేది, దీపావళి పూజలో పెట్టేవాడు. దాని మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ. నేను ఉర్దూ చదివితే ఆయన తెలుగు చదివాడు. నేను డిగ్రీలో తెలుగు ఎందుకు తీసుకున్నానని అడిగేవాళ్లకు నా దగ్గర చాలా జవాబులున్నాయి, ఈ నోటు వాటిలో ఒకటి.

ఈ నోట్లు లండన్‌లో అచ్చయ్యేవి. 1922 మే 20న "ఈజిప్ట్" అనే ఓడ బొంబాయికి వస్తూ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడ గుద్ది మునిగిపోయింది. అందులో బంగారం, చాందీ, వాటితో పాటు హైదరాబాద్ నోట్లూ ఉన్నాయి. పదేళ్ల తర్వాత ఇటలీవాళ్లు సముద్రం అడుగుకు దిగి తీసినవాటిలో ఆ నోట్లు కూడా ఉన్నాయి. ఒక ఉర్దూ అఖ్బార్ ఆదివారం పేజీలో ఇది చదివి భాయిజాన్ నిద్రపోలేదు. మర్నాడు అబ్బా రసీదు కాగితం ఒకటి బకెట్ నీళ్లలో ఉప్పేసి ముంచాడు, పదేళ్లకు తీస్తానన్నాడు. అమ్మీ సాయంత్రానికే తీసింది, వీపులు కూడా వాయించింది.

హాలీ, కల్దారు లెక్క గుట్టు కూడా భాయిజానే విప్పాడు. జిల్లా లైబ్రరీలో ఒక నాణేల కేటలాగ్ దొరికింది. మా రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వందకు 81.8 పాళ్లు చాందీ. కల్దారు 11.66 గ్రాములు, చాందీ 91.7 పాళ్లు. అంటే మన రూపాయిలో 9.14 గ్రాముల అసలు చాందీ, కల్దారులో 10.69. ఏడు హాలీలంటే 64 గ్రాములు. ఆరు కల్దార్లూ కాస్త అటూ ఇటుగా 64 గ్రాములే! ఆరుకు ఏడు అనే ఆ లెక్క మన రూపాయికి జరిగిన అవమానం అనుకునేవాడు భాయిజాన్. అది చాందీ తూకం అని తేలాక కాస్త నిరుత్సాహపడ్డాడు కూడా.

నిజాం అనగానే పేపర్ వెయిట్‌గా పెట్టిన వజ్రం అనేవాళ్లున్నారు, ఒట్టి జాలిమ్ అనేవాళ్లున్నారు. రెండువైపులా గొంతులు పెద్దవే. పదేళ్ల పిల్లాడి అరచేతిలో పట్టేది మాత్రం ఈ లెక్కలే.

నుమాయిష్ కథలోనూ అవే ఉన్నాయి. 1938లో ఉస్మానియా యూనివర్సిటీ పట్టభద్రులు కొందరు, ముల్క్‌లో తయారైన సరుకు ముల్క్‌వాళ్లకే తెలియడం లేదని, బాగె ఆమ్‌లో పది రోజులు "నుమాయిష్ మస్నూఆతె ముల్కీ" పెట్టారు. చేతిలో పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు. "హాలీయే అయ్యుంటుంది" అనేవాడు భాయిజాన్. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. 1949లో రాజగోపాలాచారి వచ్చి ప్రారంభించేనాటికి పేరులోంచి ముల్కీ పోయి ఆలిండియా వచ్చింది. మేం వెళ్లేనాటికి కశ్మీరీ శాలువాలు, లఖ్నవీ చికన్, మౌత్ కా కువాఁ, పిల్లల రైలు. అబ్బా ఒక్కొక్కరికి అయిదు రూపాయలిచ్చేవారు, మిర్చి బజ్జీకి మూడు పోయేవి.

1990 జనవరి. సంక్రాంతి ముందు పాతబస్తీ ఆకాశం నిండా పతంగులు. ఖాలా కొడుకుల దగ్గర చర్ఖాలు, మాంజా. మా దగ్గర ఏమీ లేదు. మూడో రోజు భాయిజాన్ జ్వరంతో పడుకున్నాడు. నేను డబ్బాలోంచి ఏడో నంబరు తీసుకుని గుల్జార్ హౌజ్ దాకా నడిచాను. ఒక సర్రాఫ్ గీటురాయి మీద రుద్ది, తూచి, నా మొహం చూసి అరవై రూపాయలు ఇచ్చాడు. సగం ఐన్ గురించి అతనికి పట్టలేదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

ఆ అరవైతో పతంగులు, చర్ఖా కొన్నాను. ఖాలూ ఈదీ ఇచ్చారని చెప్పాను. ఈద్ ఎక్కడుంది జనవరిలో? జ్వరంలో ఉన్న భాయిజాన్ అది కూడా అడగలేదు. సాయంత్రానికి లేచి డాబా మీద నాతో పాటు "అఫా!" అని అరిచాడు. ఇంటికెళ్లాక లెక్క పెడితే ఒకటి తక్కువ. రైల్లో పడిపోయిందని తనను తానే తిట్టుకున్నాడు, డబ్బా మోసింది తనే కదా. దాదీ పదిని మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది. "కోయీ బాత్ నై బేటా" అంది. ఆ రాత్రి ఆమె తహజ్జుద్‌కు లేవడం విన్నాను, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆమె 1997లో పోయింది. అమానత్‌లో ఖియానత్ అని జుమాలో ఖతీబ్ సాబ్ అన్నప్పుడల్లా నేను చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను.

సైఫాబాద్ టంకసాల పని 1997లో చెర్లపల్లికి పోయింది. 2022 జూన్‌లో ఆ పాత ఇమారత్‌లో మ్యూజియం తెరిచారు. చిన్నప్పుడు బస్సులోంచి ఆ గోడ చూపించి "లోపల మన రూపాయిలు కొట్టారు" అనేవాడు భాయిజాన్. సందూఖ్ తెరిచిన వారానికి ఇద్దరం పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లాం. పిల్లలు పాత యంత్రాల దగ్గర ఫొటోలు తీసుకుంటున్నారు. భాయిజాన్ అద్దాల వెనక ఉన్న నిజాం కాలం సిక్కాల మీదికి వంగాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి. అతను దేనికోసం వెతుకుతున్నాడో నాకు తెలుసు.

అక్కడే చెప్పేశాను. రైల్లో పడలేదు భాయిజాన్, నేను అమ్మాను. గుల్జార్ హౌజ్‌లో. ఆ పతంగులు అవే.

అతను నిటారుగా నిలబడి నా వైపు చూశాడు. ఎంతకమ్మావ్ అన్నాడు.

అరవై రూపాయలు అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మళ్లీ అద్దం మీదికి వంగుతూ అడిగాడు:

"హాలీయా, కల్దారా?"