వంక గీసిన గీత

మా బాగలూరు తట్టు ఊళ్ల కన్నా వంకలు ముందు. మిట్టన కురిసిన వాన ఎర్రమట్టిని కోసుకొని పల్లానికి దిగిన దారే వంక. దానికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు. తూము నీళ్లు అందినంత మేర మడి, వరి. అందని మిట్టన రాగి, అనప, ఉలవ. పై చెరువు మరవ పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. పై కట్ట తెగితే కింది ఊరికి నిద్రుండదు. ఏ మడికి ఎంతసేపు నీళ్లో నీరుగంటి మాటే మాట. ఆయన కూలి కళ్లంలో గింజలు.

1792లో బారామహలును, 1799లో టిప్పు చనిపోయాక ఈ హోసూరు సీమను కుంఫిణీ తీసుకుంది. దొరల శిస్తు కూడా వంక గీసిన గీతనే పట్టుకుంది. చెరువు నీళ్లు పారే నేలకు ఎక్కువ, వానను నమ్ముకున్న నేలకు తక్కువ. ఇప్పటికీ పట్టాల్లో నంజ, పుంజ అని అరవంలో ఉంటుంది. మా నోట మాత్రం మడి, చేను.

పక్కనే దక్షిణ పినాకిని ఉంది కదా అంటారు. ఏరు పల్లాన, చేను మిట్టన. నీళ్లు పైకెక్కవు. 1990లలో కెలవరపల్లి ఆనకట్ట నిండాక కుడి ఎడమ కాలువల కింద దాదాపు 8,000 ఎకరాలకు దారి దొరికింది. కాలువ గుణం వేరు. వంక పల్లాన్ని వెతుక్కుంటుంది, కాలువ మిట్ట అంచును పట్టుకొని పోయి కిందిదంతా తడుపుతుంది. నిన్నటి రాగిచేను మడైంది. ఎగువనున్న బాగలూరుకు మాత్రం ఆ కాలువ రాదు. మాకు చెరువులు, బోర్లే గతి.

అయితే ఆ కాలువను చూసి ఇప్పుడు అసూయపడే పని లేదు. నందికొండల్లో పుట్టిన ఈ ఏట్లో బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా బెంగళూరు మురుగు కలుస్తోంది. ఆనకట్ట తలుపులెత్తితే తెల్లటి నురుగు గుట్టలుగా లేస్తుంది. నీళ్లు లేవని ఏడ్చిన రైతు నీళ్లలో కాలు పెట్టడానికి జంకుతున్నాడు.

మిగిలింది వంకలే. వాటినీ పూడ్చి సైట్లు వేస్తున్నారు. మొన్న గట్టివాన పడిన రాత్రి అలాంటి వీధిలో ఉన్నాను. నీళ్లు రోడ్డు వైపు పోలేదు. మూడిళ్ల వాకిళ్లు దాటి, వెనక గోడ కింద నుంచి పాత చెరువు వైపుకే పోయాయి.