38 ఏళ్లు నిలిచిన త్రిభుజం

ఎక్కడా లోపలికి సొట్ట పడని బహుభుజిలో పట్టే అతిపెద్ద త్రిభుజం ఏది? దీన్ని కనుక్కునే పొట్టి అల్గారిదం ఒకటి 1979లో డాబ్కిన్, స్నైడర్ ప్రకటించారు. 2017లో కెయిఖా, లోఫ్లర్, మరికొందరు కలిసి ఒక బహుభుజి గీసి అది తప్పని తేల్చారు. 38 ఏళ్లు! అంతకాలం దొరకని ఆ తప్పు మీద నాకు ముచ్చటేసింది.

అతిపెద్ద త్రిభుజం మూలలు బహుభుజి శీర్షాల మీదే పడతాయి. అయినా 1000 శీర్షాలుంటే చూడాల్సిన త్రిభుజాలు 16 కోట్ల 61 లక్షల 67 వేలు. డాబ్కిన్, స్నైడర్ ఏం చేశారంటే, ఒక మూలను పాతేసి, మిగతా రెండింటినీ వైశాల్యం పెరిగినంతసేపు ఒక్కొక్కటిగా ముందుకు జరిపారు. పెరగడం ఆగిందా, పాతిన మూల ఒక అడుగు ముందుకు. వెనక్కి తిరిగే పనే లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఏ ఒక్క మూలను కదిపినా వైశాల్యం పెరగకపోవచ్చు, అంతకన్నా పెద్దది కాస్త ఆవల ఉండనూవచ్చు.

పాత చరిత్ర పొట్టిదే. సొట్ట లేని ఏ ఆకారంలోనైనా దాని వైశాల్యంలో 41.3 శాతానికి తగ్గని త్రిభుజం పడుతుందని బ్లాష్కే ఎప్పుడో చూపాడు. 1939లో షాష్ దాన్ని, లోపల పట్టేది త్రిభుజమే కాక ఎన్ని భుజాల బహుభుజి అయినా వర్తించేలా విస్తరించాడు. అన్నిటికన్నా మొండి ఆకారం దీర్ఘవృత్తమట.

అసలు సందడి 1978 తర్వాత. బహుభుజి చుట్టూ కాలిపర్స్ తిప్పినట్టు కొలిచే ఉపాయం షామోస్‌ది. దానికి కాలిపర్స్ పేరు మాత్రం 1983లో టూసాన్ పెట్టాడు. సొట్టలున్న బహుభుజిలోంచి సొట్ట లేని అతిపెద్ద ముక్కను తీసే సమస్యకు గుడ్‌మన్ 'బంగాళాదుంప చెక్కు తీయడం' అని పేరు పెట్టాడు. 1986లో చాంగ్, యాప్ దానికిచ్చిన పద్ధతిలో పని శీర్షాల సంఖ్య ఏడో ఘాతంగా పెరుగుతుంది. ఆ దుంప ఎప్పటికి ఉడకాలి! మర్నాడే అన్నట్టు, 1987లో ఐదుగురు కలిసి పట్టికల్లో గరిష్ఠాలు వెతికే చక్కని పద్ధతి తెచ్చి, సొట్ట లేని బహుభుజిలో పట్టే అతిపెద్ద బహుభుజికి, దాని భుజాలు ఎన్నైనా, దారి వేశారు. వాళ్లలో పీటర్ షోర్ ఒకడు, తర్వాత క్వాంటం కంప్యూటర్‌తో సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే పద్ధతి చెప్పినాయనే.

మరి త్రిభుజం గతి? 1992లోనే చంద్రన్, మౌంట్ డాబ్కిన్, స్నైడర్‌ల దానంత వేగమైన పద్ధతి ఇచ్చి ఉన్నారు, అది సరైనది కూడా. 2017లోనే కాలస్, జిన్ విడివిడిగా కొత్తవి రాశారు. వేగం పోలేదు. పోయింది ఆ పొట్టితనం, నల్లబల్ల మీద ఒక్క పలకలో పట్టే ఆ అందం. నాకు బాధ అదే.