నెట్ వేగం, కిటికీ సైజు: ఒక చిన్న చరిత్ర

ఇంట్లో కంప్యూటర్‌కు నెట్ వేగం పెరగాలని ఒకప్పుడు చాలామంది విండోస్ సెట్టింగులు మార్చేవారు. ఆ చిట్కాలు అప్పుడు ఎందుకు పనిచేశాయి? ఇప్పుడు ఎందుకు వద్దు? ఈసారి అదే చరిత్ర. ప్యాకెట్‌ను ఇక్కడ "పొట్లం" అని రాస్తున్నాను. మంచి తెలుగు మాట, అర్థం కూడా సరిపోతుంది.

ముందు ఒక పోలిక. గుడిలో అన్నదానం జరుగుతోంది. వంటింటి నుంచి పులిహోర బకెట్ పంపుతాం. ఖాళీ బకెట్ తిరిగి వచ్చాకే మళ్ళీ నింపుతాం. హాలు దగ్గరైతే ఒక్క బకెట్ చాలు. హాలు దూరమైతే ఎక్కువ బకెట్లు కావాలి, లేకపోతే పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఎదురు చూడాలి. నెట్‌లో కూడా అంతే. "అందింది" అనే జవాబు రాకముందు ఎంత పంపవచ్చో దానికి ఒక హద్దు ఉంది. దాని పేరు విండో, అంటే కిటికీ.

విండోస్ 95లో ఈ కిటికీ సుమారు 8,192 బైట్లు. అమెరికా నుంచి ఇండియాకు పొట్లం వెళ్ళి జవాబు రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. అంటే సెకనుకు నాలుగు సార్లు, మొత్తం 32 కిలోబైట్లు. డయలప్ మోడెమ్‌కు అది చాలా ఎక్కువే. కేబుల్, డీఎస్‌ఎల్ వచ్చాక చాలలేదు. అందుకే జనం రిజిస్ట్రీ తెరిచి కిటికీని పెద్దది చేశారు. ఫలితం నిజంగానే కనిపించింది.

కానీ పాత పద్ధతిలో కిటికీ 65,535 బైట్లు దాటదు. ఇండియా దూరానికి లెక్క వేస్తే సెకనుకు రెండు మెగాబిట్లే. మన లైను ఎంత పెద్దదైనా ఒక్క డౌన్‌లోడ్‌కు అంతే. ఈ హద్దు దాటే పద్ధతిని 1992లోనే రాశారు. ఇళ్ళకు చేరడానికి సమయం పట్టింది.

పిట్స్‌బర్గ్ అంటే మనకు వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ ఊరి సూపర్‌కంప్యూటింగ్ సెంటర్ వాళ్ళు 1998లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఈ సైజును మనిషి కాదు, కంప్యూటరే చూసుకోవాలి అన్నారు. లినక్స్ ముందుగా అలా మారింది. 2007లో విండోస్ విస్టా కూడా కిటికీని తానే పెంచడం, తగ్గించడం మొదలుపెట్టింది.

అయితే ఎక్కువ పంపితే ఎప్పుడూ మంచిదేనా? కాదు. 1986 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, బర్క్‌లీ యూనివర్సిటీకి మధ్య వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దూరం 400 గజాలే! దారి నిండిపోయినా కంప్యూటర్లు పంపుతూనే ఉన్నాయి. వాన్ జేకబ్సన్, మైఖేల్ కారెల్స్ దీనికి మందు కనిపెట్టారు: కొద్దికొద్దిగా మొదలుపెట్టు, పొట్లం పోతే తగ్గించు.

2010లో జిమ్ గెటిస్ ఇంకో జబ్బు చూపించాడు. ఇంటి రౌటర్లు పొట్లాలను పారేయకుండా పొడుగు క్యూలో దాచుకుంటున్నాయి. మళ్ళీ అన్నదానం చూడండి. వరండా అంతా బకెట్లతో నిండితే గ్లాసు మంచినీళ్ళు కూడా దాటవు. మనవడు వీడియో అప్‌లోడ్ చేస్తుంటే ఊళ్ళో అమ్మతో మాట తెగిపోయేది ఇందుకే. 2012లో కాథ్లీన్ నికల్స్, అదే జేకబ్సన్ కలిసి "కోడెల్" అనే పద్ధతి తెచ్చారు. అది క్యూను పొట్టిగా ఉంచుతుంది.

కాబట్టి విండోస్‌లో ఆటోట్యూనింగ్ ఆపమని చెప్పే పాత చిట్కా కనిపిస్తే వదిలేయండి. అది ఆపితే దగ్గరి సైట్లకు దెబ్బ తక్కువ, ఇండియా సైట్లకు ఎక్కువ. దూరంగా ఉన్నది మనం, నష్టం కూడా మనకే. కాల్ తెగుతోందా? ముందు రౌటర్ చూడండి, క్యూను అదుపు చేసే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి.

ఈసారి మాటలు: పొట్లం, హద్దు, పంక్తి, వరండా. ఒక్కొక్కదానితో ఒక వాక్యం రాసి చూడండి.