చింతగింజల లెక్క

దగ్గరికి జరగండి, ఈదరగాలి కొడతా ఉంది. ఇద్దరూ కలిసి నెల్లూరులో కొట్టు పెడతామంటన్నారంట గదా, మంచిదే. మీ తాతా నేనూ ఎండుచేపల యాపారం ఎట్టా మొదలుపెట్టినామో వినిపోండి.

అప్పుడు మనం ఇస్కపల్లి దిక్కున పట్టపుపాలెంలో ఉండేవాళ్లం. మీ తాత తెప్ప మీద వేటకి పోయేవాడు. తెచ్చిన చేపని నేను తట్టకెత్తుకొని అల్లూరు దాకా నడిచి అమ్ముకొచ్చేదాన్ని. కష్టం ఇద్దరిదీ, డబ్బు మాత్రం సారా కొట్టుది. పాలెంలో ఏ ఇల్లు చూసినా అంతే. మొగోడు ఒడ్డున దిగి ఇల్లు చేరేలోపల సగం సంపాదన సారా ప్యాకెట్లకే పోయేది.

ఆ రోజుల్లోనే జిల్లాలో అక్షరదీపం రాత్రిబళ్లు పెట్టినారు. లాంతరు ముందర కూచొని నేను అంకెలు దిద్దింది ఆ బళ్లోనే. 1992లో కలిగిరి పక్కన దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడినారు. వాళ్లకి ముందు నిలబడిన రోశమ్మ పేరు ఊరూరా మోగింది. మేం కూడా సారా బండిని పాలెంలోకి రానీలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ ఊపులోనే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చినాయి. మనిషికి రోజుకి ఒక రూపాయి. ఇంట్లో డబ్బు నిలవడం నేను మొదట చూసింది అప్పుడే తల్లీ.

ఒకనాడు నెత్తళ్లు కుప్పలు తెప్పలుగా పడినాయి. కొనేవాళ్లు అడ్డదిడ్డంగా బేరమాడతా ఉంటే, "ఏమయ్యా, ఎండబెడదామా?" అన్నా. మీ తాత సరేనన్నాడు. సంఘంలో అప్పు తీసుకొని ఒక తక్కెడ, నాలుగు గోతాలు కొన్నాం.

ఇసక మీద పోసేది తేలికే. కానీ ఇసక పంటికి తగిలితే ఆ ఇంటోళ్లు మళ్లీ కొనరు. అందుకని పందిళ్లేసి, వాటి మీద పాత వలలు పరిచి, నెత్తళ్లు పలచగా ఆరబోసేవాళ్లం. పొద్దు నడినెత్తికి రాకముందే ఒకసారి తిరగెయ్యాల. సాయంత్రం ఒకటి తీసి విరిస్తే పుటుక్కుమనాల. వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టు, గోతంలో పడితే పక్కదాన్ని కూడా చెడగొడతాది. పెద్ద చేపలకైతే కడుపు చీల్చి, పేగులు తీసి, ఉప్పుకయ్యల్లో తెచ్చిన కల్లుప్పు పట్టించి, రాత్రంతా తొట్టిలో ఊరబెట్టి మరీ ఎండేసేవాళ్లం.

నాలుగు కేజీల పచ్చి నెత్తళ్లు ఎండితే కేజీకి అటూ ఇటూ అవతాయి. పచ్చివి కేజీ నాలుగు రూపాయలకి కొంటే, ఎండువి పదహారుకి అమ్మినా మన కష్టం ఉత్తదే గదా! ఆ లెక్క తెలియకే ఎంతోమంది మునిగినారు. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ఊళ్లల్లో మన సరుక్కి మంచి గిరాకీ. కార్తీకంలో మాత్రం తినేవాళ్లు తగ్గుతారు, మనకి పెద్దవానలూ అప్పుడే. ఆ నెలలకని ముందే డబ్బు పక్కన పెట్టాల.

రోజూ రాత్రి భోజనాలైనాక లెక్కకి కూచునేవాళ్లం. నేను పుస్తకంలో రాసేదాన్ని. మీ తాతకి చదువు రాదు, చింతగింజలు పేర్చుకుంటా పోయేవాడు. నా అంకె, ఆయన గింజలు సరిపోతేనే దీపం ఆర్పేది. వచ్చిన డబ్బు మూడు భాగాలు: రేపటి సరుక్కి, సంఘం కిస్తీకి, మిగిలింది ఇంటికి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. పందిళ్లు, గోతాలు, తక్కెడ, ఆఖరికి లెక్కల పుస్తకం కూడా సముద్రంలో కలిసిపోయినాయి. మెట్టలో ఎవరు ఎంత బాకీ, మనం ఎవరికి ఎంత ఇయ్యాలో ఇద్దరం కూచొని జ్ఞాపకం చేసుకున్నాం. నేను మరిచింది ఆయన చెప్పినాడు, ఆయన మరిచింది నేను చెప్పినా. ఆ లెక్క పట్టుకొని ఊరూరా తిరిగితే, ఒకరిద్దరు తప్ప అందరూ మాట నిలబెట్టుకున్నారు. ఆ డబ్బుతోనే మళ్లీ పందిరేసినాం.

అందుకే చెప్తన్నా. కొట్టుకి ఎవరి పేరైనా పెట్టుకోండి, బ్యాంకు ఖాతా మాత్రం ఇద్దరి పేరా తెరవండి. అమ్మీ, గల్లాపెట్టె కాడ నువ్వు కూచున్నా, సరుక్కి అబ్బాయి పోయినా, ఎంత వచ్చిందీ ఎంత పోయిందీ ఇద్దరికీ తెలిసుండాల. ఇప్పుడు డబ్బు ఫోన్లోనే వస్తంది గదా, పడుకోబోయే ముందు ఆ ఫోను ఇద్దరూ కలిసి చూడండి.